సిరీస్ రెగ్యులేటర్ మంచిదే, అయితే ముందు తీగలు చూసుకోవాలి

పాత మోటార్‌సైకిల్‌కు బ్యాటరీ నిలవడం లేదంటే మన మెకానిక్కులు చాలావరకు ఒకే వరుసలో పోతారు: మొదట బ్యాటరీ మారుస్తారు, నెల తిరక్కుండా అదీ డౌన్ అయితే రెగ్యులేటర్ (కాయిల్ ఇచ్చే ఏసీని డీసీగా మార్చి, వోల్టేజీని అదుపులో ఉంచి బ్యాటరీకి పంపే యూనిట్) మారుస్తారు, అప్పటికీ కుదరకపోతే ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ కాయిల్ మీద పడతారు. బెంగళూరులో ఇరవై ఏళ్లు దాటిన సింగిల్ సిలిండర్ బండిని రోజూ మారతహళ్లి, సిల్క్ బోర్డ్ రద్దీలో నడిపే నాకు ఈ వరుస బాగా తెలుసు. కంపెనీ అమర్చిన షంట్ రకం రెగ్యులేటర్ తీసివేసి, దాని స్థానంలో సిరీస్ రకం పెట్టించుకుని కొన్నేళ్లయింది. అది నచ్చింది. అయితే నా బండిలో లోపం సగానికి పైగా రెగ్యులేటర్‌లో కాదు, దానికి వచ్చే పోయే తీగల్లో ఉండింది. ఆ సంగతి చెప్పకుండా యూనిట్‌ను మాత్రమే మెచ్చుకుంటే చదివేవారి డబ్బు వృథా అవుతుంది.

ఈ రెండు రకాలకూ ఉన్న తేడా ముందు తెలియాలి. ఇంజిన్‌తో పాటు కాయిల్ చుట్టూ తిరిగే చక్రంలో (ఫ్లైవీల్‌లో) ఉన్నవి శాశ్వత అయస్కాంతాలు కనుక, ఇంజిన్ వేగం పెరిగే కొద్దీ కాయిల్ వోల్టేజీ పెరుగుతూనే పోతుంది. దానిని తగ్గించే వీలు కాయిల్‌లోనే లేదు. షంట్ రెగ్యులేటర్ బ్యాటరీకి అక్కరలేని కరెంటును కాయిల్ కొసలను షార్ట్ చేసి అందులోనే తిప్పుతుంది. అందువల్ల దీపాలు వెలిగినా వెలగకపోయినా కాయిల్ దాదాపు పూర్తి కరెంటునే మోస్తూ వేడెక్కుతుంది. సిరీస్ రెగ్యులేటర్ అక్కరలేనప్పుడు దారిని తెరిచేస్తుంది. కావలసినంత కరెంటు మాత్రమే కాయిల్‌లో ప్రవహిస్తుంది. గాలి తగలని సిగ్నళ్ల దగ్గర ఇంజిన్ వేడికి కాయిల్ వేడి కూడా తోడయ్యే మన ఊరి నడకకు ఇది అసలైన లాభం. నేను రీవైండింగ్ (కొత్త తీగ చుట్టించడం) చేయించిన కాయిల్ ఇన్నేళ్లుగా నల్లబడకుండా ఉండటానికి ఇదే కారణమని నా నమ్మకం.

కొనడానికి ముందు చేయవలసిన పరీక్షలకు మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు విడిచిన పన్నెండు వోల్టుల లెడ్ ఆసిడ్ బ్యాటరీ 12.6 పైన చూపితే నిండుగా ఉన్నట్టు. 12 కంటే దిగితే ముందు దానిని బయట చార్జ్ చేయించాలి, లేకపోతే తరువాతి కొలతలేవీ నమ్మదగినవి కావు. ఇంజిన్‌ను 4000 ఆర్‌పీఎం దగ్గర ఉంచినప్పుడు బ్యాటరీ కొసల మధ్య 13.8 నుంచి 14.5 వరకు రావాలి. 15 దాటితే రెగ్యులేటర్ అదుపు తప్పినట్టే, బ్యాటరీలో నీళ్లు వాయువుగా మారి తగ్గిపోతాయి. 13 దగ్గరే ఆగిపోతే అప్పుడు కాయిల్ నుంచి రెగ్యులేటర్‌కు వచ్చే మూడు పసుపు తీగల కప్లర్ (తీగలను కలిపే ప్లాస్టిక్ జోడింపు) ఊడదీసి కాయిల్‌ను చూడాలి: ఏ రెండు తీగల మధ్యనైనా ఒక ఓమ్‌కు లోపు సమానమైన నిరోధం, ఏ తీగకూ ఎర్త్‌తో (బండి లోహపు భాగాలతో) సంబంధం లేకపోవడం, ఇంజిన్ నడిచేటప్పుడు మూడు జతల మధ్యా ఒకే స్థాయిలో ఏసీ వోల్టేజీ పెరుగుతూ రావడం. ఇవన్నీ చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా ఉండి, అరగంట రద్దీలో తిరిగాక చెడిపోవచ్చు. కనుక వేడి ఇంజిన్ మీద మళ్లీ కొలవని పరీక్షను నేను పరీక్షగా లెక్కించను.

నా బండిలో ఈ కాయిల్ కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా బ్యాటరీ దగ్గర 13.1 మించలేదు. మదనపల్లె నుంచి వచ్చి మా వీధి చివర షెడ్డు పెట్టుకున్న మెకానిక్ "కాయిలే పోయుంటాది సార్, రీవైండింగ్ చేయిచ్చేద్దాం" అన్నాడు. కాయిల్ పాతది కనుక చేయించాం కూడా. వోల్టేజీ మాత్రం కదల్లేదు. హెడ్‌లైట్ వేసి, ఇంజిన్ నడుస్తుండగా మీటర్ ఒక కొసను రెగ్యులేటర్ ఎర్త్ తీగ మీద, మరొక కొసను బ్యాటరీ నెగటివ్ మీద పెట్టినప్పుడు విషయం బయటపడింది. అక్కడ 0.2 వోల్టుకు మించకూడదు. నాకు దాదాపు ఒక వోల్టు కనబడింది. పక్క ప్యానెల్ కింద తెల్లగా ఉండవలసిన కప్లర్ ఒక మూల కరిగి గోధుమరంగుకు తిరిగింది, లోపలి పిన్నుకు పచ్చని చిలుము పట్టింది. లెక్క సులువు: 0.1 ఓమ్ నిరోధం మీదుగా 10 ఆంపియర్లు పోతే ఒక వోల్టు అక్కడే పోతుంది, 10 వాట్ల వేడి అక్కడే పుడుతుంది, ప్లాస్టిక్ కరగడానికి అది చాలు. ఇంజిన్ ఆపి ఓమ్‌లలో కొలిస్తే ఈ లోపం దొరకదు, ఎందుకంటే మామూలు మీటర్ తీగలకే దాదాపు అంత నిరోధం ఉంటుంది. కరెంటు పారుతుండగా వోల్టులలోనే కొలవాలి.

కాబట్టి సిరీస్ యూనిట్ అమర్చేటప్పుడు దాని పాజిటివ్, ఎర్త్ తీగలను పాత హార్నెస్‌లో (బండి తీగల కట్టలో) కలపకుండా, లావుపాటి తీగలతో నేరుగా బ్యాటరీకి తెచ్చి, పాజిటివ్ వైపు ఫ్యూజు పెట్టించాను. బెంగళూరు జేసీ రోడ్డులో కొన్న కొత్త కప్లర్లకు పిన్నులను తీగ మీద నొక్కి బిగించే క్రింపింగ్ పనిముట్టుతో బిగించాం. కేవలం చుట్టి టేపు వేసే పద్ధతికి నేను ఒప్పుకోలేదు. అప్పటి నుంచి బ్యాటరీ దగ్గర 14.2, 14.3 మధ్య నిలకడగా ఉంది. దేవనహళ్లి, బాగేపల్లి మీదుగా అనంతపురం వరకు ఆగకుండా నడిపి దిగినప్పుడు కూడా యూనిట్ మీద చేయి ఆనించి ఉంచగలుగుతున్నాను. పాతదానిని అలా తాకడానికి వీలుండేది కాదు.

లోపాలూ ఉన్నాయి. ధర మామూలు యూనిట్‌కు కొన్ని రెట్లు. ఆకారం పెద్దది, పాత బోల్టు రంధ్రాలు కలవవు, అల్యూమినియం పట్టీతో వేరే క్లాంపు చేయించుకోవలసి వచ్చింది. దారి తెరుచుకున్న క్షణాల్లో కాయిల్ వోల్టేజీ బాగా పైకి పోతుంది కనుక, ఇన్సులేషన్ పెళుసుబారిన పాత కాయిల్‌కు దీనిని జోడించడం ప్రమాదమే. హెడ్‌లైట్ నేరుగా కాయిల్ నుంచి ఏసీతో వెలిగే పాత బళ్లకు ఇది యథాతథంగా పనికిరాదు. ముందు వైరింగ్ మొత్తాన్ని డీసీకి మార్చాలి.

ఇక ఏ రెగ్యులేటరూ తీర్చలేనిది ఒకటుంది. సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో, అంటే ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, కాయిల్ ఇచ్చేదే తక్కువ. 55 వాట్ల హాలోజెన్ బల్బు ఒక్కటే నాలుగున్నర ఆంపియర్లు తింటుంది, బ్రేక్ లైటు దాని మీద అదనం. నాకు అక్కడ ఇప్పటికీ 12.7 మించదు. పొడవైన సిగ్నళ్లలో ఇంజిన్ ఆపేయడం, హెడ్‌లైట్‌కు నాణ్యమైన ఎల్ఈడీ వేసుకోవడం తప్ప దీనికి మరో మార్గం నాకు కనబడలేదు.