పడుకోవడం వేరు, నిద్ర పట్టడం వేరు: పదకొండేళ్ళుగా వాడుతున్న ఒక నిద్ర ప్రశ్నపత్రం

పిట్స్‌బర్గ్ నిద్ర నాణ్యతా సూచిక అనే ప్రశ్నపత్రాన్ని నేను పదకొండేళ్ళుగా వాడుతున్నాను. కరీంనగర్, సిరిసిల్ల ప్రాంతాల్లో వైద్య విద్యార్థుల చేత ఇంటింటి సర్వేలు చేయించడం, వారు నింపి తెచ్చిన కాగితాలను కంప్యూటర్‌కు ఎక్కించడం, ఆ అంకెలు దేనికైనా నిలుస్తాయో లేదో చూడడం నా ఉద్యోగం. నిద్ర మీద ప్రాజెక్టు చేస్తామని వచ్చే ప్రతి బ్యాచీ మొదట అడిగేది ఈ పత్రాన్నే కాబట్టి, ఇన్నేళ్ళలో దీని మంచీ చెడూ నాకు బాగానే తెలిసివచ్చాయి.

తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. దీన్ని డేనియల్ బైస్, ఆయన సహచరులు అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో తయారుచేసి 1989లో ప్రచురించారు. గడిచిన ఒక నెల రోజుల నిద్ర గురించి మనిషి తానే జవాబు చెప్పుకొనే ప్రశ్నలు ఇందులో 19 ఉంటాయి. పక్కన పడుకునే వారిని అడగవలసినవి మరో 5 ఉన్నా, వాటికి మార్కులు లేవు. ఆ 19 జవాబులు 7 అంశాలుగా కూడి, ఒక్కో అంశానికి 0 నుంచి 3 వరకు మార్కులు పడి, మొత్తం 21కి లెక్క తేలుతుంది. ఇక్కడ మార్కులు పెరిగితే నిద్ర చెడిందని అర్థం. మొత్తం 5 దాటితే ఆ మనిషి నిద్ర బాగాలేనట్టు లెక్క. తయారుచేసినవారు తమ దగ్గరి ఆరోగ్యవంతులతోనూ రోగులతోనూ సరిచూసుకున్నప్పుడు, నిద్ర సరిగా లేనివారిలో 89.6 శాతం మందిని, బాగున్నవారిలో 86.5 శాతం మందిని ఈ గీత సరిగ్గా పట్టిందని రాశారు. పూర్తి చేయడానికి పది నిమిషాలు చాలు, యంత్రాలేవీ అక్కర్లేదు. చేతిలో డబ్బు లేని విద్యార్థి పరిశోధనకు ఇంతకంటే ఏం కావాలి అని మొదట్లో నేనూ అనుకున్నాను.

చిక్కు మొదటి ప్రశ్నలోనే ఉంది. మామూలుగా రాత్రి ఎన్నింటికి పక్క ఎక్కుతారని మొదటి ప్రశ్న, ఆ తరువాత నిద్ర పట్టడానికి ఎన్ని నిమిషాలు పడుతుందని రెండో ప్రశ్న. ఈ రెండింటి మధ్య తేడా మీదనే పత్రంలో సగం లెక్క నిలబడి ఉంటుంది. మన భాషలో ‘పడుకోవడం’ అనే ఒక్క మాటే నడుం వాల్చడానికీ చెల్లుతుంది, నిద్రపోవడానికీ చెల్లుతుంది. మా వైపు ‘పండుకునుడు’ అన్నా అదే తీరు. “బాబు పడుకున్నాడు, గట్టిగా మాట్లాడకండి” అనే ఇంట్లోనే “ఊరికే పడుకున్నాను, నిద్ర పట్టలేదు” అని కూడా అంటారు. ‘ఎన్నింటికి పడుకుంటారు?’ అని విద్యార్థి అడిగితే, ఎదుటివారు ఈ రెంటిలో ఏ అర్థానికి జవాబు చెప్పారో కాగితం మీద ఎక్కడా కనిపించదు.

ఒక ఉదాహరణ చెబుతాను. బీడీలు చుట్టే ఒక పెద్దావిడ దగ్గర మా విద్యార్థిని నింపుకొచ్చిన కాగితం ఇలా ఉంది: పడుకునేది 9 గంటలకు, నిద్ర పట్టడానికి రెండు గంటలు, లేచేది 5 గంటలకు, నిజంగా నిద్రపోయేది 5 గంటల సేపు. పక్క మీద గడిపింది 8 గంటలు, నిద్ర 5 గంటలు కనుక నిద్ర సామర్థ్యం 62.5 శాతం, 65 కంటే తక్కువ కాబట్టి ఆ అంశానికి 3. గంట దాటినా నిద్ర పట్టదన్నందుకు, వారంలో మూడుసార్లకు పైగా అరగంటలో నిద్ర రాదన్నందుకు కలిపి మరో 3. నిద్ర వ్యవధికి 2, మోకాళ్ళ నొప్పి, నడిరాత్రి మెలకువ, బయటికి లేవడం, దోమలు అన్నీ కలిపి 2. తన నిద్రను తానే ‘పర్వాలేదు, మంచిదే’ అన్నందుకు 1. మందులు లేవు, పగటిపూట ఇబ్బందీ లేదు. మొత్తం 11. మంచిదే అని తాను చెప్పుకున్న నిద్రకు పదకొండు మార్కులు పడడం నాకు నచ్చక, మరునాడు విద్యార్థినితో పాటు నేనూ వెళ్ళాను.

“అవ్వా, తొమ్మిదింటికి పండుకుంటవా?” అని అడిగితే, “గప్పుడు చాప మీద జర ఒరుగుత బిడ్డా, మనుమడు పక్కకుంటడు, సీరియల్ సూసుకుంట” అన్నది. టీవీ కట్టేసి దీపం ఆర్పేది పదిన్నరకు. కన్ను అంటుకునేది పదకొండుకు. అరగంటలో నిద్ర రాని రాత్రులు ఎప్పుడో నెలకు రెండు మూడు. అదే మనిషి, అదే నిద్ర. ఈసారి పక్క మీద గడిపింది ఆరున్నర గంటలు, సామర్థ్యం 77 శాతం దగ్గర, దానికి 1. నిద్ర పట్టడంలో ఆలస్యానికి 1. మొత్తం 7కు దిగింది. ఒక్క క్రియాపదం నాలుగు మార్కులు మార్చింది. ఆమె రెండు లెక్కల్లోనూ 5 దాటింది కనుక ఫలితం మారలేదు గాని, 8 దగ్గరో 9 దగ్గరో ఉన్నవారు ఇలాంటి పొరపాటుతోనే గీత దాటి ఉంటే, ఆ ఊరి నిద్ర గురించి మేము రాసిన శాతానికి విలువేముంటుంది?

అప్పటి నుంచి మా విద్యార్థులు ఒక రోజంతా ఈ రెండు ప్రశ్నలనే సాధన చేస్తారు. దీపం ఆర్పి, ఫోను పక్కన పెట్టి, ఇక నిద్రపోదామని నడుం వాల్చేది ఎన్నింటికి? కన్ను అంటుకునేది ఎన్నింటికి? ఈ రెండూ ముందు విడి కాగితం మీద రాసుకొని, ఆ తరువాతే పత్రం నింపుతారు. పత్రం హక్కులు పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానివి; మనకు తోచినట్టు మాటలు మార్చేసి అదే పేరుతో ప్రచురించడం సరికాదు కనుక, మా అదనపు ప్రశ్నలను పత్రంలో కలపకుండా వేరుగానే ఉంచుతాం.

రెండో పెద్ద చిక్కు నా స్వయంకృతం. మొదటి ఏడాది గంటలను పన్నెండు అంకెల పద్ధతిలోనే ఎక్కించాను. రాత్రి పన్నెండున్నరకు పడుకొని ఆరింటికి లేచేవారిని కంప్యూటర్ మధ్యాహ్నం పన్నెండున్నరకే పడుకోబెట్టింది. అయిదున్నర గంటలు పదిహేడున్నర గంటలయ్యాయి, హాయిగా నిద్రపోయే కుర్రవాళ్ళందరికీ సామర్థ్యంలో 3 మార్కులు వచ్చాయి. నివేదిక దాదాపు ముద్రణకు వెళ్ళబోతుండగా కనిపెట్టి, కాగితాలన్నీ మళ్ళీ తిరగేయవలసి వచ్చింది. దీనికి వ్యతిరేకమైనదీ తగులుతూనే ఉంటుంది: తొమ్మిదిన్నరకు పడుకొని నాలుగున్నరకు లేస్తానని చెప్పిన రైతే, ఎనిమిది గంటలు నిద్రపోతానని కూడా చెబుతాడు. సామర్థ్యం 114 శాతం! ఇలాంటిది వచ్చిన చోట అక్కడికక్కడే మళ్ళీ అడగాలి తప్ప, ఇంటికి వచ్చి దిద్దకూడదు.

సాంచాల మీద పనిచేసేవారి దగ్గర ఈ పత్రం దాదాపు చేతులెత్తేస్తుంది. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. ఒక వారం పగటి పని, ఒక వారం రాత్రి పని చేసే మనిషిని ‘ఈ నెలలో మామూలుగా ఎన్నింటికి పక్క ఎక్కారు?’ అని అడిగితే, అతనికి ‘మామూలు’ అనేదే లేదు. ఒకతను నవ్వి, “ఏ వారంది చెప్పాలె సార్?” అని ఎదురడిగాడు. అలాంటివారికి మేము రెండు పత్రాలు నింపించి చూశాం, కాని రెండు మొత్తాలను ఎలా కలపాలో పత్రంలో దారి లేదు. నెల గడువు ఇంకోలా కూడా ఇబ్బంది పెడుతుంది. రంజాన్ నెలలో సహర్ కోసం తెల్లవారకముందే లేచే ఇళ్ళలోనూ, బతుకమ్మ తొమ్మిది రోజులు రాత్రి పొద్దుపోయేదాకా ఆడే వాడల్లోనూ ఆ నెల లెక్క ఏడాది లెక్క కాదు. అందువల్ల కాగితం పైన తేదీ ఒక్కటే కాక, ఆ నెలలో ఏ పండుగ పడిందో కూడా రాయిస్తున్నాను.

నిద్రకు అడ్డుపడే కారణాల ప్రశ్నను గురించి నాకు ఫిర్యాదు ఉంది. చలి, ఉక్క, నొప్పి, పీడకల వేర్వేరుగా ఉన్నాయి గాని, గట్టిగా దగ్గడం, గురక పెట్టడం రెండూ ఒకే ప్రశ్నలో ఇరుక్కున్నాయి. దుమ్ములో పనిచేసి రాత్రంతా దగ్గే మనిషి, గురక పెట్టే మనిషి ఒకటి కారు. పైగా గురక పెట్టేవాడికి తన గురక వినబడదు. దోమలకు విడి గడి లేదు, ‘ఇతర కారణాలు’ అన్న చివరి వరుసలో రాయాలి. మా దగ్గర ఆ వరుసే అన్నిటికంటే ముందు నిండుతుంది. లెక్క కట్టే తీరు ఇంకా మొద్దుగా ఉంది: ఈ అడ్డంకుల మార్కులు కలిపి 1 వచ్చినా, 9 వచ్చినా ఆ అంశానికి 1 మాత్రమే పడుతుంది. వారంలో నాలుగు రాత్రులు మూడు వేర్వేరు కారణాలతో లేచే మనిషి, నెలకొకసారి పీడకల వచ్చిన మనిషి ఇక్కడ సమానులే. అందుకే నేను మొత్తాలతో పాటు విడి జవాబుల పట్టిక కూడా ఇవ్వమని పట్టుబడతాను. ఊరికి ఏం చేయాలో తెలిసేది ఆ పట్టికలోనే. మొత్తం 7 అని తెలిస్తే దోమతెర ఇవ్వాలో, మోకాళ్ళు చూపించాలో ఎవరికి తెలుస్తుంది?

మధ్యాహ్నం కునుకును ఈ పత్రం అడగనే అడగదు. పొద్దున నాలుగింటికి లేచే పల్లెల్లో భోజనం తరువాతి కునుకు విలాసం కాదు, రోజులో భాగం. చెన్నైలో తక్కువ ఆదాయం గల 452 మంది మీద జరిగి 2021లో అచ్చయిన ఒక పరిశోధన ఈ విషయంలో నా కళ్ళు తెరిపించింది. వారు రాత్రి దాదాపు 8 గంటలు పక్క మీద గడిపినా, కదలికలను బట్టి నిద్రను కొలిచే మణికట్టు యంత్రాల లెక్క ప్రకారం నిద్రపోయింది అయిదున్నర గంటల దగ్గరే. రాత్రి నిద్రను 27 నిమిషాలు పెంచినా పనిలో మెరుగు కనబడలేదు గాని, పగటిపూట చిన్న కునుకు తీయనిచ్చినప్పుడు కనబడింది. ఇది చదివాక కునుకు ఎంతసేపు, ఎక్కడ అన్న రెండు ప్రశ్నలు మా విడి కాగితంలో చేరాయి.

మనుషులు చెప్పే గంటలను ఎంతవరకు నమ్మవచ్చన్నది వేరే సంగతి. షికాగోలో 669 మంది మీద చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, యంత్రం కొలిచిన దానికంటే మనుషులు చెప్పింది సగటున 0.8 గంట ఎక్కువగా తేలింది. అయిదు గంటలే నిద్రపోయేవారు 1.2 గంటలు ఎక్కువ చెబితే, ఏడు గంటలు నిద్రపోయేవారు 0.4 గంట ఎక్కువ చెప్పారు. అంటే నిద్ర తక్కువైనవారి దగ్గరే కొలత ఎక్కువ తప్పుతోంది. యంత్రాలూ దేవుళ్ళు కావు. కొందరికి మేము మణికట్టు పట్టీలు కట్టి చూసినప్పుడు, కదలకుండా కప్పు చూస్తూ పడుకున్న ముసలాయన గంటసేపటిని అవి నిద్రగానే రాసుకున్నాయి.

మన జాతీయ గణాంక కార్యాలయం 2019లోనూ, మళ్ళీ 2024లోనూ చేసిన కాలవినియోగ సర్వే ఇంకో దారి పట్టింది. ఆరేళ్ళు దాటినవారు ముందు రోజు తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు 4 గంటల వరకు ఏం చేశారో అడిగి, అరగంటల చొప్పున రాసుకుంటారు. అందులో కునుకు తప్పించుకోదు, ‘మామూలు’ అన్న చిక్కూ లేదు. నిద్ర ఎంతసేపో అది చెబుతుంది, ఎలా పట్టిందో చెప్పదు. ఒక పల్లెలో పత్రంతో పాటు అలాంటి ఒకరోజు చిట్టాను కూడా రాయించి చూశాను. అడిగేవారికి శ్రమ రెట్టింపయింది గాని, 114 శాతాల బాధ దాదాపు పోయింది.

పగటి నిద్రమత్తు కోసం ఆస్ట్రేలియాలో మర్రే జాన్స్ 1991లో ఇచ్చిన ఎప్‌వర్త్ కొలమానాన్ని కొన్నాళ్ళు జతచేశాం. ‘మద్యం తీసుకోకుండా మధ్యాహ్నం భోజనం చేసి ఊరికే కూర్చున్నప్పుడు తూగు వస్తుందా?’ అన్న ప్రశ్న ఒక తల్లిని అడిగి మా కుర్రవాడు తిట్లు తిన్నాడు. కారుకు సంబంధించిన ప్రశ్నలు కూడా మా ఊళ్ళలో సగం మందికి తగవు. దాన్ని మానేశాం.

ఇన్ని తప్పులెన్నాక కూడా ఈ పత్రాన్ని ఎందుకు వదలలేదంటే, ప్రపంచమంతటా ఇదే వాడడం వల్ల మా ఊరి లెక్కను ఇంకోచోటి లెక్క పక్కన పెట్టి చూడగలుగుతున్నాను. చదువుకున్న, ఒకే వేళకు పనికి పోయే, గడియారం చూసి బతికే మనుషుల దగ్గర, అంటే ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, హాస్టల్ విద్యార్థుల దగ్గర, ఇది చక్కగా పనిచేస్తుంది; వారి చేతికే ఇచ్చి నింపమనవచ్చు. ఎవరికి గురక జబ్బు ఉందో, ఎవరికి వైద్యం కావాలో తేల్చడానికి దీన్ని వాడవద్దు. దీని పని జల్లెడ పట్టడం వరకే. రాత్రి పని చేసేవారి మీద సర్వే అయితే నేను ఇక దీన్ని ఇవ్వను.

ఈ ఏడాది బ్యాచీకి శిక్షణ మొదలుపెట్టినప్పుడు బీడీల అవ్వ కాగితాలు రెండూ, పేరు తీసేసి, పక్కపక్కన పంచాను. రెండూ ఒకే మనిషివని చెప్పకుండా మార్కులు కట్టమన్నాను. అందరూ కట్టారు. ఒక్క అమ్మాయి మాత్రం పెన్ను పక్కన పెట్టి, “సార్, ఈమె తొమ్మిదింటికి పండుకొని ఏం చేస్తుండె?” అని అడిగింది. ఆ జట్టుకు ఆమెనే నాయకురాలిని చేశాను.