పాత గడ్డం ఐరిస్‌లలో ఏది మేలు: ‘మదామ్ షెరో’నా, ‘వాబాష్’నా?

గడ్డం ఐరిస్ దుంపతో పెరిగే పూలమొక్క; కింది రేకుల మీద గడ్డంలా నూగు ఉండటం వల్ల ఆ పేరు. అది బాగా పూయాలంటే గట్టి శీతకాలం పడాలి. మన మైదానాల్లో అది దొరకదు. అమెరికాలోని ఒహాయో, ఇండియానా వంటి రాష్ట్రాల్లో స్థిరపడ్డ తెలుగువారి పెరళ్లకు మాత్రం చక్కగా సరిపోతుంది. విడుదలై 30 ఏళ్లు దాటిన రకాలను అక్కడి ఐరిస్ ప్రియులు చారిత్రక రకాలుగా లెక్కిస్తారు. వాటిలో ఒక్కదానికే చోటుంటే ఈ రెండింటిలో దేన్ని ఎంచుకోవాలన్నది, ఆ పువ్వును ఎంత దూరం నుంచి చూస్తామన్న దాన్ని బట్టే ఉంటుందని నా అభిప్రాయం.

‘మదామ్ షెరో’ను ఫ్రాన్స్‌లో లెమోన్ అనే ఐరిస్ పెంపకందారు 1844లో విడుదల చేశాడు. పైకి నిలిచే మూడు రేకులూ, కిందికి వాలే మూడు రేకులూ తెల్లనివే. వాటి అంచుల వెంబడి మాత్రం నీలి ఊదా రంగు సన్నని ఈనెలుగా లోపలికి పాకుతుంది, అచ్చం తెల్లచీర అంచుకు సూదితో కుట్టుపని చేసినట్లుగా. నేటి ఐరిస్‌లతో పోలిస్తే పువ్వు చిన్నది, రేకులు ఇరుకైనవి. కానీ సుమారు 3 అడుగుల కాడ మీద పూలు ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా తేలికగా నిలుస్తాయి. పెరటి చివర నాటితే ఆ అంచుపని కంటికి ఆనదు, లేత నీలి మసకే మిగులుతుంది.

‘వాబాష్’ తీరు వేరు. ఇండియానాలోని బ్లఫ్టన్‌కు చెందిన, తూనీగల శాస్త్రవేత్తగా కూడా పేరొందిన విలియమ్‌సన్ దీన్ని సృష్టించాడు. ఆయన 1933లో మరణించాక, 1936లో ఇది విడుదలైంది. 1940లో ఐరిస్ రకాలకిచ్చే అత్యున్నత పురస్కారమైన డైక్స్ పతకం పొందింది. పై రేకులు స్వచ్ఛమైన తెలుపు, కింది రేకులు ముదురు ఊదా, వాటి చుట్టూ సన్నని తెల్లగీత. ఇంత స్పష్టమైన రంగుల తేడా వీధిలోంచి కూడా కనబడుతుంది.

పెంపకంలో తేడా తక్కువే. రెండింటికీ ఆరు గంటల ఎండ, నీరు నిలవని నేల కావాలి; దుంప వీపు మట్టిపైకి కనబడేలా వేసవి చివర నాటాలి, లోతుగా పూడిస్తే కుళ్లుతుంది. మూడు నాలుగేళ్లకోసారి దుబ్బును విడదీయాలి.

కంచె పక్కన నాటేవారికి ‘వాబాష్’ మేలు. గుమ్మం దారి పక్కన చోటున్నవారు మాత్రం మరో ఆలోచన లేకుండా ‘మదామ్ షెరో’ను తెచ్చుకోవాలి, వంగి చూసిన ప్రతిసారీ కొత్త ఈనె కనబడే పువ్వు అది. అయితే ఇటువంటి అంచుల పాత రకాలు మరికొన్ని ఉన్నందున, దుంప ఎక్కడి నుంచి వచ్చిందో అమ్మేవారిని అడిగి, వీలైతే పూసినప్పుడు చూసి కొనాలి.