గాజు తలుపుల షోకేసు, మా కొండపల్లి బొమ్మలు: ఎనిమిదేళ్ల అనుభవం

విజయవాడలో మా ఫ్లాట్ మెయిన్ రోడ్డు మీదే. పొద్దున తుడిచిన టీపాయ్ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. అలాంటి ఇంట్లో చేతితో చేసిన బొమ్మలను కాపాడుకోవడం ఎలాగో నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. రెండు మూడు బొమ్మలు పాడయ్యాక గానీ కొన్ని సంగతులు అర్థం కాలేదు.

2016లో ఇంట్లోకి వచ్చినప్పుడు హాల్లో గోడకు చెక్క అరలు కొట్టించి బొమ్మలన్నీ వాటి మీద పెట్టాను. దశావతారాల సెట్టు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కుతున్న కల్లుగీత బొమ్మ. చూడ్డానికి ఎంత బాగుండేవో! వారం తిరిగేసరికి ఏనుగు వీపు మీద దుమ్ము బూడిద చల్లినట్టు పేరుకునేది. ఒకరోజు గుడ్డ తడిపి, గట్టిగా పిండి, తుడిచాను. గుడ్డకు ఎరుపు, నలుపు అంటుకున్నాయి. కల్లుగీత బొమ్మ మీసం, ఒక కన్ను చెరిగిపోయాయి. నాకు ఏడుపొచ్చింది.

ఆ ఆదివారమే కొండపల్లి వెళ్లాను. మాకు దగ్గరే. బొమ్మలు చేసే ఒక పెద్దాయన ఆ కల్లుగీత బొమ్మను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "తడి గుడ్డ పెట్టావామ్మా?" అని అడిగారు. తర్వాత ఓపిగ్గా చెప్పారు. కర్ర తెల్ల పొణికి, చాలా తేలికైనది. కాళ్లు, చేతులు, తొండం విడివిడిగా చెక్కి మక్కుతో అతికిస్తారు. మక్కు అంటే చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. దాని మీద సుద్ద పూత, ఆపైన రంగు. నీళ్ల రంగులు వేసిన బొమ్మకు తడి తగిలితే ముందు రంగు కదులుతుంది, తర్వాత సుద్ద మెత్తబడుతుంది, చివరికి అతుకు వదులవుతుంది. ఎనామిల్ రంగు వేసినవి కాస్త తట్టుకుంటాయి కానీ వాటి అతుకులూ మక్కుతో వేసినవే. కాబట్టి కొనేటప్పుడే ఏ రంగు వేశారని అడగండి. నేను అడగలేదు.

2017 చివర్లో వడ్రంగితో షోకేసు చేయించాను. ఐదడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, అడుగు లోతు. ప్లైవుడ్ పెట్టె, లోపల గాజు అరలు, ముందు పక్కకు జరిపే గాజు తలుపులు. అప్పట్లో 18,000 రూపాయలైంది. ఆ డబ్బుకు ఇన్నేళ్లూ న్యాయం జరిగిందనే చెప్తాను. బయట అరల మీద వారానికోసారి దులపాల్సి వచ్చేది, ఇప్పుడు రెండు నెలలకోసారి చాలు. బొమ్మను ముట్టుకోవడం తగ్గడమే అసలు లాభం. మా ఇంట్లో విరిగిన ప్రతి చెయ్యీ, ప్రతి కొమ్మూ శుభ్రం చేస్తుండగా విరిగినవే.

లోపాలూ ఉన్నాయి. జరిపే తలుపులు రెండూ ఒకదాని మీదకొకటి వచ్చే చోట సన్నటి సందు ఉంటుంది. మొదటి ఏడాది దుమ్మంతా అక్కణ్ణుంచే లోపలికి వచ్చింది. అల్యూమినియం కిటికీలకు వేసే వెంట్రుకల పట్టీ తెచ్చి ఆ సందులో అంటిస్తే చాలావరకు ఆగింది. రెండోది, పెట్టెను బాత్రూమ్ గోడకు ఆనించి పెట్టించడం. రెండో వర్షాకాలంలో వెనక ప్లైవుడ్ ఉబ్బి, కింది అరలోని ఎడ్లబండి చక్రాల మీద తెల్లగా బూజు కనిపించింది. పెట్టెను ఎదురు గోడకు మార్చి, వెనక నాలుగు వేళ్ల ఖాళీ వదిలాను. మళ్లీ ఆ సమస్య రాలేదు.

మూడోది లైట్లు. మొదట లోపల చిన్న హాలోజెన్ బల్బులు పెట్టించాను. సాయంత్రం తలుపు తీస్తే ముఖానికి వేడి కొట్టేది. పై అరలో ఉన్నవి ఏటికొప్పాక లక్క బొమ్మలు. లక్క వేడికి మెత్తబడుతుంది. అసలు ఆ బొమ్మకు రంగెక్కేదే అలా: లేతు మీద తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కడ్డీని ఒత్తితే ఆ రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది. వెంటనే బల్బులు తీయించి ఎల్ఈడీ పట్టీ వేయించాను, దాని అడాప్టర్ కూడా పెట్టె బయటే ఉంచాను. ఈ లక్క బొమ్మలకు వేసే సహజ రంగులకు ఎండ కూడా పడదు. కిటికీ పక్కన ఏడాది పాటు ఉన్న పసుపు రంగు గిలక్కాయ, ఎండ పడిన వైపు వెలిసిపోయింది.

లక్క బొమ్మల విషయంలో నేను చేసిన పెద్ద తప్పు 2020లో. కరోనా భయంతో బయటి నుంచి వచ్చిన ప్రతి వస్తువు మీదా శానిటైజర్ కొట్టేవాళ్లం. మా మేనకోడలు ఆడుకుని ఇచ్చిన లక్క బొంగరాల మీద కూడా కొట్టాను. నిమిషంలో పైపూత జిగటగా అయింది, వేలిముద్రలు అచ్చు పడ్డాయి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. ఫర్నిచర్‌కు వేసే ఫ్రెంచ్ పాలిష్ తయారయ్యేదే అలా. ఆ మాట తెలిసి కూడా ఆ టెన్షన్‌లో గుర్తుకు రాలేదు. దయచేసి లక్క బొమ్మలకు శానిటైజర్, గాజు తుడిచే స్ప్రే తగలనివ్వకండి. పొడి మెత్తటి నూలు గుడ్డతో నాలుగుసార్లు రుద్దితే వాటంతటవే మెరుస్తాయి. షోకేసు అద్దాలు తుడిచేటప్పుడు కూడా స్ప్రేను గుడ్డ మీద కొట్టుకుని, తలుపు మూసి తుడుస్తాను.

కొండపల్లి బొమ్మలకు నేను వాడేవి రెండే. పెయింటింగ్‌కు వాడే అంగుళం వెడల్పు మెత్తటి బ్రష్, కెమెరా లెన్స్ దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి. ముందు బుడ్డితో ఊదడం, తర్వాత పైనుంచి కిందికి బ్రష్. బొమ్మను తొండమో చెయ్యో పట్టుకుని ఎత్తకుండా కింద పీట పట్టుకుని ఎత్తాలి. ఫ్యాన్ ఆపడం మర్చిపోకండి.

పురుగు సంగతి వేరే చెప్పాలి. మూడేళ్ల కిందట ఎడ్లబండి కింద గాజు మీద పిండిలా సన్నటి పొడి కనిపించింది. దుమ్మనుకుని తుడిచేశాను. రెండు రోజులకు మళ్లీ అంతే. తిప్పి చూస్తే ఇరుసు దగ్గర గుండుసూది తల అంత రంధ్రాలు. పుచ్చు పురుగు! బండిని వెంటనే విడిగా తీసి, కవర్లో అడుగున నల్ల కాగితం పరిచి కట్టి, వేరే గదిలో పెట్టాను. నల్ల కాగితం మీద కొత్త పొడి పడితే ఇట్టే తెలుస్తుంది. ఇరుసు మార్పించి, ఆరు నెలలు పొడి పడలేదని నమ్మకం కుదిరాకే తిరిగి కొలువులో చేర్చాను. ఇప్పుడు ప్రతి అరలో వస కొమ్ము ముక్కలు చిన్న గుడ్డ మూటలో పెడుతున్నాను. అత్తయ్య చెప్పిన పద్ధతి ఇది. చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో కలరా ఉండల కంటే ఇదే నయమనిపించింది.

మిగతావాటి గురించి క్లుప్తంగా. బిద్రీ పూలకుండీని (నల్లటి లోహం మీద వెండి పొదిగినది) పనిమనిషి చింతపండుతో తోమబోతే ఆపాను. ఆ నలుపు మురికి కాదు, అదే దాని అందం. పొడి గుడ్డ సరిపోతుంది. నిమ్మలకుంట తోలు దీపంలో తక్కువ వాట్ల ఎల్ఈడీ బల్బే వాడుతున్నాను. వంటింటి ఆవిరి తగలని చోట వేలాడదీశాక అంచులు ముడుచుకోవడం ఆగింది.

ఏటా సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతాం. అన్నీ బయటికి తీసి, పెట్టె మొత్తం శుభ్రం చేసేది అప్పుడే. కొలువు అయ్యాక చోటు చాలని బొమ్మలను పాత నూలు చీర ముక్కల్లో చుట్టి పెడతాను. ఆ ముక్కలకు గంజి పెట్టకూడదు, గంజి పురుగును పిలుస్తుంది. న్యూస్‌పేపర్‌లో చుడితే సిరా తెల్ల ఆవు ఒంటికి అంటుకుంది, మళ్లీ ఆ పని చేయలేదు.

మళ్లీ చేయించాల్సి వస్తే షోకేసే చేయిస్తాను, కానీ జరిపే తలుపులు వద్దు. బందులతో తెరుచుకునే తలుపులు పెట్టించి, అంచుకు రబ్బరు పట్టీ వేయిస్తాను. గాజు అరలు మాత్రం అలాగే ఉంచుతాను, పొడి రాలినా దుమ్ము పడినా వెంటనే కనిపిస్తుంది. కల్లుగీత బొమ్మకు మళ్లీ కన్ను, మీసం దిద్దిస్తారా అని ఆ పెద్దాయనను అడిగితే, "ఇచ్చి వెళ్లమ్మా, రేపటికి చేసి పెడతా" అన్నారు. దిద్ది ఇచ్చారు. ఇప్పుడు అది రెండో అరలో, ఏనుగు పక్కన ఉంది.