సొంత ఈబుక్కులకు ఫార్మాట్లు, అమ్మకపు వేదికలు: దీర్ఘకాల వాడకం తరువాత

కొన్నేళ్లుగా నా పుస్తకాలను నేనే ఈబుక్కులుగా తెచ్చి, పలు వేదికలపై అమ్ముతున్న అనుభవంతో చెబుతున్నాను: మూలప్రతిని ఈపబ్ అనే ఈబుక్కు ఫార్మాట్‌లోనే ఉంచుకోవాలి, తక్కిన రూపాలన్నీ దాని నుంచే తయారు కావాలి. ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ (వెబ్‌పుటలు రాసే భాష) పుటలను, వాటి రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్‌ను, బొమ్మలను కలిపి జిప్ చేసిన మూటే ఈపబ్. అది బహిరంగ ప్రమాణం కనుక సిజిల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో విప్పి, అచ్చుతప్పులను నేరుగా దిద్దుకోవచ్చు. అమెజాన్ అనే ఒకే సంస్థ అధీనంలో ఉన్న పాత కిండిల్ ఫార్మాట్ మోబీకి ఆ భరోసా లేదు. అక్షరాల పరిమాణం మార్చుకోగల పుస్తకాలకు మోబీ ఫైళ్లను తీసుకోవడం అమెజాన్ 2021లో మానేసినప్పుడు, ఈపబ్ ప్రతులు చేతిలో ఉన్నందువల్ల నాకు కొత్తగా పని పడలేదు. పీడీఎఫ్‌ను మాత్రం పట్టికలు, అభ్యాస పత్రాల వంటి, పుట అమరికే ప్రాణమైన పుస్తకాలకే వాడతాను. ఫోన్ తెరపై దానిని చదవడం పాఠకులకు శిక్షే.

ఏ వేదికకు పంపే ముందైనా ఈపబ్ ఫైళ్లలో తప్పులు పట్టే ఈపబ్‌చెక్ సాఫ్ట్‌వేర్‌తో పరీక్షించడం తప్పనిసరి.

అమ్మకాల విషయంలో అసలు ప్రశ్న ఒకే వేదికకు కట్టుబడాలా, వద్దా అన్నది. అమెజాన్ స్వీయప్రచురణ వేదిక కేడీపీలోని కేడీపీ సెలెక్ట్ పథకంలో చేరితే 90 రోజులపాటు ఆ ఈబుక్కును మరే దుకాణంలోనూ, చివరికి మన సొంత వెబ్‌సైట్‌లో కూడా, అమ్మకూడదు. గడువు ముగిశాక మనం వద్దనకపోతే అదే కొనసాగుతుంది. దానికి బదులుగా కిండిల్ అన్‌లిమిటెడ్ (అమెజాన్ నెలవారీ చందా పథకం) పాఠకులు చదివిన పుటలను బట్టి డబ్బు వస్తుంది కాబట్టి, ఏకబిగిన చదివించే నవలలకు అది లాభసాటి. అవసరమైనప్పుడు నాలుగు పుటలు తిరగేసే సంప్రదింపు గ్రంథాలకు నేను దానిని సిఫార్సు చేయను. అమెరికా కిండిల్ స్టోరులో 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ధరకు 70 శాతం రాయల్టీ దొరుకుతుంది గానీ, ఫైలు బరువును బట్టి డెలివరీ ఖర్చు అందులోంచి తగ్గిస్తారు. బొమ్మల పుస్తకాల రచయితలు ఈ నిబంధనను శ్రద్ధగా చదవాలి: బొమ్మలను కుదించకుండా పంపితే, అమ్ముడైన ప్రతి కాపీలోనూ ఆ నష్టం భరించాలి. 35 శాతం పద్ధతిలో ఆ కోత ఉండదు.

కోబో, గూగుల్ ప్లే బుక్స్ అనే ఈబుక్కు దుకాణాలకు నేరుగా వెళ్తాను. మిగతా దుకాణాలకు, గ్రంథాలయాలకు డ్రాఫ్ట్‌టుడిజిటల్ అనే పంపిణీ సంస్థ ద్వారా పంపుతాను. అది పుస్తకం ధరలో సుమారు 10 శాతం తీసుకున్నా, అన్నిచోట్లా విడివిడిగా ఖాతాలు నడిపే శ్రమ తప్పిస్తుంది. సొంత వెబ్‌సైట్‌లో అమ్మినప్పుడు ఎక్కువ మిగులుతుంది, కానీ ఫైలును తమ పరికరంలోకి ఎక్కించుకోలేని పాఠకులకు మనమే దారి చూపాలి. 2022 నుంచి, ఫైళ్లను కిండిల్‌కు పంపే అమెజాన్ సేవ సెండ్ టు కిండిల్ ఈపబ్‌లను అంగీకరిస్తుండడంతో ఆ భారం చాలా తగ్గింది.