డయల్ తిప్పే బ్యాట్ డిటెక్టర్: తిరుపతిలో కొనొచ్చా?

గబ్బిలాలు దారి కోసం వేసే కేక మన చెవికి అందదు. దాన్ని వినిపించేలా మార్చే హెటిరోడైన్ డిటెక్టర్, అంటే డయల్‌తో ఫ్రీక్వెన్సీ పెట్టుకునే చేతిపెట్టె, శేషాచలం అంచున ఉండేవాళ్లకు బాగా పనికొస్తుంది. మా మార్కులు 5కి 4.

పొద్దుగూకాక అలిపిరి వైపు చెట్లున్న చోట నిలబడి డయల్‌ను 40 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టండి. పురుగుల కోసం తిరిగే చిన్న గబ్బిలం వస్తే టప్, టప్ మంటుంది. కొంచెం అటూ ఇటూ తిప్పి చూడండి, శబ్దం ఎక్కడ బాగా బొంగురుపోతే దాని కేక అక్కడ ఉన్నట్టు. పురుగు మీద పడేముందు ఆ దెబ్బలు దగ్గరపడి ‘జుర్ర్’మని కలిసిపోతాయి. అది వినడానికే కొన్నా నష్టం లేదు.

జేబులో తాళాలగుత్తి, చేతిలో ప్లాస్టిక్ కవరు ఉంటే వాటి చప్పుడే వస్తుంది. 20 దగ్గర ఎడతెగని రొద చాలావరకు కీచురాళ్లది. 100 దాటిన కేకలు గాలిలోనే ఇంకిపోతాయి కాబట్టి గబ్బిలం బాగా దగ్గరికొస్తేనే దొరుకుతాయి. 40లో వింటుంటే 80లో వెళ్లేది తెలియదు, ఒక మార్కు తగ్గించింది అందుకే.

చెట్టునిండా పెద్ద గబ్బిలాలు వేలాడుతున్నా పెట్టె పలకలేదంటే అది పెట్టె లోపం కాదు. పండ్లు తినే ఆ పెద్దవి ప్రతిధ్వనితో దారి వెతకవు. కన్ను, ముక్కు, జ్ఞాపకం వాటికి ఆధారం. మర్రి ఎప్పుడు పండింది, ఏ తోటలో తోతాపురి మెత్తబడింది, ఇవన్నీ గుర్తుపెట్టుకోవాలి కదా! ఒంటి బరువుతో పోల్చి చూస్తే పండ్లు, తేనె తినేవాటికి మెదడు పెద్దదనీ, గాలిలో పురుగులు పట్టేవాటికి చిన్నదనీ 1978లో ఐసెన్‌బర్గ్, విల్సన్ అనే శాస్త్రవేత్తలు చూపారు.

అంతమాత్రాన తిండే మెదడును పెంచిందనడం తొందరపాటు. మన పండు గబ్బిలాలన్నీ ఒకే కుటుంబానివి, కాబట్టి ఆ మెదడు తాతలిచ్చిన ఆస్తో, సొంత సంపాదనో వాటిని మాత్రమే చూసి తేల్చలేం. అమెరికా ఖండాల ఆకుముక్కు గబ్బిలాలు వేరే దారిలో పండ్లకు మళ్లాయి, వాటి మెదడూ పెద్దదే. తిండి వాదానికి అసలు బలం అక్కడుంది. పైగా 2005లో సఫీ అనే శాస్త్రవేత్త బృందం చూపినట్టు, కొన్ని శాఖల్లో మెదడు పూర్వీకులకంటే తగ్గింది కూడా. బయలులో వేగంగా ఎగిరేవాటికి మెదడు మోయడం ఖర్చే.

హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలున్నదే కొనండి. వాడనప్పుడు బ్యాటరీ తీసేయండి. పెద్ద గబ్బిలాలను చూడటమే మీ కోరికైతే ఈ డబ్బు బైనాక్యులర్‌కు పెట్టండి.