అంతస్తుల రైలు లేఅవుట్‌కు వుడ్‌లాండ్ సీనిక్స్ 2 శాతం ఇంక్లైన్ సెట్టు

చదునైన బల్ల మీద పరిచిన మోడల్ రైల్వేకూ, ఒక లైను మీదుగా మరొక లైను దాటిపోయే అంతస్తుల లేఅవుట్‌కూ ఉన్న తేడా అంతా వాలులోనే ఉంది. పట్టాలు, ఇంజన్లు, కంట్రోలరు ఎంత మంచివి కొన్నా, పైకి ఎక్కే దారి ఎత్తు సమంగా పెరగకపోతే రైలు నడుమనే నిలిచిపోతుంది. విశాఖ నుంచి అరకు మీదుగా సాగే కొత్తవలస–కిరండూల్ మార్గాన్ని చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి, ఒహాయోలో మేముంటున్న ఇంటి బేస్‌మెంట్‌లో హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలుకు 87వ వంతు పరిమాణంలో, అలాంటి కొండదారిని కట్టుకోవాలన్నది నా చిరకాల కోరిక. ఆ పనిలో నాకు అన్నిటికంటే ఎక్కువగా అక్కరకు వచ్చిన వస్తువు వుడ్‌లాండ్ సీనిక్స్ అనే సంస్థ అమ్మే ఈ 2 శాతం వాలు సెట్టు, అంటే ప్రతి 100 అంగుళాల పొడవుకు 2 అంగుళాల ఎత్తు పెరిగేలా పట్టాల కింద పరిచే ముక్కలు.

మనం థర్మాకోల్ అని పిలుచుకునే తెల్లటి పదార్థంతోనే దీన్ని తయారుచేస్తారు. ముక్కలను వరుసగా పేరిస్తే సున్నా నుంచి మొదలై 16 అడుగుల పొడవున సుమారు 4 అంగుళాల ఎత్తుకు చేరుతాయి. రెండు పక్కలా వంకరటింకరగా కోతలు పెట్టి ఉండటం వల్ల ముక్కను చేత్తోనే వంచి, బల్ల మీద గీసుకున్న వంపు వెంట అమర్చుకోవచ్చు. ఇదే పద్ధతిలో 3 శాతం, 4 శాతం వాలు సెట్టులు కూడా దొరుకుతాయి.

దీని విలువ నాకు తెలిసిరావడానికి కారణం అంతకుముందు ప్లైవుడ్‌తో నేను పడిన శ్రమ. ప్లైవుడ్‌ను పట్టీలుగా కోసి, అడుగడుగునా చెక్క ఆనింపులు పెట్టి, ప్రతి చోటా మట్టపలకతో (స్పిరిట్ లెవెల్‌తో) చూసుకుంటూ కట్టిన దారి చివరికి కొలిచి చూస్తే ఒకచోట 2 శాతం, మరొకచోట 3.5 శాతం వచ్చింది. ఎనిమిది వ్యాగన్ల గూడ్సు సరిగ్గా ఆ నిటారు చోటుకు రాగానే ఆగిపోయి, ఇంజను చక్రాలు ఉన్నచోటనే తిరిగేవి. ఇప్పుడు అదే ఇంజను పదకొండు వ్యాగన్లను ఎక్కడా తడబడకుండా పైకి లాగుతోంది. ఇంజను మారలేదు, దారిలో వాలు ఒకే తీరుగా ఉంది, అంతే.

అయితే కొనేముందు గది పొడవును నిజాయితీగా కొలుచుకోవాలి. హెచ్‌ఓ స్కేలులో కింది రైలు సురక్షితంగా దాటాలంటే పట్టాల మీద సుమారు 3 అంగుళాల ఖాళీ ఉండాలి. పైన వంతెన మందం, దాని మీద పట్టాల కింద పరిచే కార్కు బెరడు పట్టీ, పట్టాలు కలిపితే 4 అంగుళాలు తప్పవు. ఎక్కడానికి 16 అడుగులు, మళ్ళీ దిగడానికి మరో 16 అడుగులు కావాలి. 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉన్న మామూలు బల్ల మీద ఈ లెక్క కుదరదు కనుక చాలామంది 4 శాతానికి వెళతారు. పొట్టి రైళ్ళు నడిపేవారికి అది సరిపోవచ్చు గానీ, పొడవైన గూడ్సులు నడపాలనుకునేవారికి నేను ఆ సలహా ఇవ్వను. కొత్తవలస–కిరండూల్ వంటి అసలు కొండ లైనులోనే వాలు 60కి 1, అంటే సుమారు 1.67 శాతం అన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగ్గది.

వంపుల సంగతి ఇంకా ముఖ్యం. వంపులో చక్రాల రాపిడి పెరిగి, దారి ఉన్నదానికంటే నిటారుగా ఉన్నట్టు ఇంజనుకు బరువవుతుంది. 32ను అంగుళాలలో ఉన్న వంపు వ్యాసార్ధంతో భాగిస్తే ఎంత శాతం అదనంగా కలుస్తుందో తెలుస్తుందని హెచ్‌ఓ అభిరుచి గలవారిలో ఒక లెక్క వాడుకలో ఉంది. 22 అంగుళాల వంపులో 2 శాతం వాలు ఆ లెక్కన దాదాపు 3.5 శాతంతో సమానం. అందుకే నేను ఎక్కే దారిలో వీలైనంత భాగాన్ని గోడ వెంట తిన్నగా పరిచాను. అలాగే, చదును నుంచి వాలు మొదలయ్యే చోట పట్టా ఒక్కసారిగా విరిగినట్టు లేవకూడదు. పలుచని అట్టముక్కలను కింద దోపి ఆ మార్పును నెమ్మది చేయకపోతే పొడవైన బోగీలను కలిపే కప్లింగులు ఊడిపోతాయి.

అంటించే జిగురు విషయంలో తొందరపడకూడదు. ఇంట్లో ఉన్న ఘాటైన ద్రావకపు జిగురును నేను మొదటి ముక్కకు రాయగా, అది తెల్లవారేసరికి కరిగి గుంటపడింది. థర్మాకోల్‌కు పనికివస్తుందని డబ్బా మీద రాసి ఉన్న జిగురే వాడాలి. అది ఆరేవరకు గుండుసూదులతో ముక్కలను కదలకుండా గుచ్చి ఉంచితే చాలు. దీనిలో మేకు, స్క్రూ నిలవవు కాబట్టి పట్టాలను కూడా అంటించుకోవలసిందే.

ఒక లైను మీదుగా మరొక లైను దాటడానికి ఈ సెట్టును మించినది నాకు కనిపించలేదు గానీ, 16 అంగుళాల పైన మరొక పూర్తి అంతస్తు కట్టాలంటే ఇది చాలదు. దానికి స్ప్రింగులా చుట్టుకుంటూ ఎక్కే హెలిక్స్ కావాలి, దానిని ప్లైవుడ్‌తోనే కట్టాలి. 24 అంగుళాల వ్యాసార్ధంతో చుట్టుకు 4 అంగుళాల చొప్పున నాలుగు చుట్లు వేస్తే వాలు 2.65 శాతం, దారి పొడవు సుమారు 50 అడుగులు అవుతుంది. దానికోసం బేస్‌మెంట్‌లో 5 అడుగుల చదరపు మూలను ఖాళీగా ఉంచాను.