గాంగ్‌నుంగ్‌లో మూడు రోజులు: ఫిగర్ స్కేటింగ్ చూడటానికి వెళ్ళినవారి అనుభవం

2018 ఫిబ్రవరిలో ప్యాంగ్‌చాంగ్ శీతాకాల ఒలింపిక్స్ జరిగేనాటికి మేము ఉద్యోగరీత్యా దక్షిణ కొరియాలోని సువాన్ నగరంలో ఉంటున్నాము. హైదరాబాదులో ఉన్న రోజుల్లో మా అమ్మాయి ఇందిరా పార్కు రింకులో నాలుగు చక్రాల స్కేట్లు కట్టుకుని తిరగడం నేర్చుకుంది. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్య పతకాలు సాధించిన హైదరాబాదు క్రీడాకారుడు అనూప్ కుమార్ యామా పేరు ఆ రింకుకు వచ్చే పిల్లలు ఎంతో గౌరవంగా చెప్పుకునేవారు. చక్రాల మీద చేసే ఆ విన్యాసాలకు మూలమైన ఆటను మంచు మీద, ప్రపంచంలోని అత్యుత్తములు ఆడుతుండగా చూపించే అవకాశం ఇంటికి మూడు నాలుగు గంటల దూరంలోకి వచ్చినప్పుడు వదులుకోవడానికి మనసొప్పలేదు. ఈ పోటీలు రెండు భాగాలుగా జరుగుతాయి: ముందు చిన్నదైన షార్ట్ ప్రోగ్రాం, తరవాత పెద్దదైన ఫ్రీ స్కేటింగ్; రెండింటి పాయింట్లూ కలిపి విజేతను తేలుస్తారు. ఫిబ్రవరి 15న జంటల ఫ్రీ స్కేటింగ్‌కు, 17న పురుషుల ఫ్రీ స్కేటింగ్‌కు ముగ్గురికీ టికెట్లు దొరికాయి. మధ్యలో 16వ తేదీన జరిగే పురుషుల షార్ట్ ప్రోగ్రాంకు ఎంత వెతికినా దొరకలేదు.

ప్యాంగ్‌చాంగ్ అనే పేరు చూసి ఫిగర్ స్కేటింగ్ కూడా ఆ కొండల్లోనే జరుగుతుందని చాలామంది అనుకున్నారు. మంచుకొండల మీది పోటీలు అక్కడ జరిగాయి గాని, ఐస్ రింకుల్లో ఆడే ఆటలన్నీ తూర్పు సముద్రతీరంలోని గాంగ్‌నుంగ్ పట్టణంలో జరిగాయి. బస చూసుకునేటప్పుడు ఈ తేడా గమనించకపోతే రోజూ కొండ దిగి, కొండ ఎక్కవలసి వస్తుంది. సియోల్ నుంచి గాంగ్‌నుంగ్‌కు కేటీఎక్స్ వేగరైలు ఈ క్రీడల కోసమే 2017 డిసెంబరులో మొదలైంది. సియోల్ స్టేషను నుంచి అప్పట్లో టికెట్ 27,600 వోన్లు, ప్రయాణం సుమారు రెండు గంటలు. సొరంగాలు ఎక్కువ కావడం వల్ల కిటికీలోంచి చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు గాని, రైలు శుభ్రంగా, వెచ్చగా, నిమిషం తేడా లేకుండా నడిచింది. అంతకుముందు ఇదే దూరానికి బస్సులో మూడు గంటలు, పాత రైలులో దాదాపు ఆరు గంటలు పట్టేదని సువాన్‌లోని కొరియన్ సహోద్యోగులు చెప్పారు.

ఇంత వేగరైలు ఉన్నా మేము గాంగ్‌నుంగ్‌లోనే బస చేయడానికి కారణం పోటీల వేళలు. సాధారణంగా సాయంత్రం జరిగే ఫిగర్ స్కేటింగ్‌ను ఇక్కడ ఉదయం పదింటికి పెట్టారు. కొరియాలో ఉదయం పది అంటే అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఎనిమిది. అక్కడి టెలివిజన్‌లో ఎక్కువమంది చూసే వేళ అదే. ఆ ఏర్పాటు కోసం స్కేటర్లు తెల్లవారుజామునే లేచి సాధన చేయవలసి వచ్చింది, ప్రేక్షకులు చీకటితోనే బయలుదేరవలసి వచ్చింది. ఆట ఆడేవారి శరీరానికి ఏ వేళ అనుకూలమో దానిని బట్టి ముహూర్తం పెట్టాలి గాని మరో ఖండంలోని ప్రకటనదారులను బట్టి కాదని నాకు బలంగా అనిపించింది. సియోల్ నుంచి ఏ రోజుకు ఆ రోజు వచ్చేవారు మొదటి రైళ్ళు అందుకుని, తనిఖీ వరుసల్లో నిలబడి, కూర్చునేసరికే అలసిపోయి కనిపించారు. ఉదయపు పోటీకి ముందు రాత్రే చేరుకోవడం మంచిదని, పిల్లలతో వెళ్ళేవారు తప్పక అలా చేయాలని నా అభిప్రాయం.

బస విషయంలో మాత్రం మాకు చేదు అనుభవం ఎదురైంది. క్రీడలకు కొన్ని నెలల ముందు అక్కడి గదుల అద్దెలు మామూలు రోజులకు అనేక రెట్లు పెరిగిపోయాయి. మేము తొందరపడి ఒక మోటెల్‌లో గది తీసుకుని డబ్బు ముందే చెల్లించాము. క్రీడలు దగ్గరపడ్డాక గదులు మిగిలిపోయి ధరలు దిగివచ్చాయి, మా పక్క గదివారు మేము ఇచ్చినదాంట్లో సగం కూడా ఇవ్వలేదు. పైగా ముగ్గురికని చెప్పి ఇద్దరు పట్టే మంచం చూపించారు, అదనపు పరుపు అడిగితే మళ్ళీ డబ్బు అడిగారు. ఆ ఒక్క రాత్రితో సరిపెట్టుకుని, రెండో రాత్రికి సముద్రతీరానికి దగ్గరలో ఒక పెద్దావిడ తన ఇంట్లో అద్దెకిచ్చే గదికి మారాము. మంచం లేదు, నేల కింద వేడి ప్రసరించే ఒండోల్ గది. చాప మీద పరుపు వేసుకుని పడుకుంటే మన ఊళ్ళల్లో ఎండాకాలం రాత్రి అరుగు మీద పడుకున్నంత హాయిగా ఒళ్ళంతా వెచ్చబడింది. ఉదయం ఆవిడ మా అమ్మాయికి ఉడికించిన చిలగడదుంపలు కాగితంలో చుట్టి ఇచ్చింది. ధరలోను, మర్యాదలోను ఆ రెండు బసలకు పోలికే లేదు.

స్టేషను నుంచి ఒలింపిక్ పార్కుకు ఉచిత బస్సులు వెంటవెంటనే ఉన్నాయి. ముందు రోజు, అంటే 14న, పెనుగాలుల వల్ల పార్కును కొంతసేపు మూసివేశారు. మేము వెళ్ళిన నాటికి గాలి తగ్గినా చలి ఎముకలు కొరికేది. గేటు దగ్గర తనిఖీ విమానాశ్రయంలో చేసినంత క్షుణ్ణంగా జరిగింది. లోపలి దుకాణాల్లో వీసా సంస్థ బ్యాంకు కార్డు గాని నగదు గాని మాత్రమే చెల్లాయి కనుక కొరియా బ్యాంకుల మామూలు కార్డులు తెచ్చుకున్నవారు ఇబ్బంది పడ్డారు. శాకాహారులకు అక్కడ బంగాళాదుంప వేపుడు ముక్కలు తప్ప చెప్పుకోదగినది ఏదీ దొరకలేదు. వలంటీర్లు మాత్రం ఎంత చలిలోనైనా నవ్వు చెదరకుండా నిలబడ్డారు. టికెట్ మీది కొరియన్ అక్షరాలు అర్థంకాక తికమకపడిన నా భార్యను ఒక విద్యార్థిని సీటు దాకా తీసుకువెళ్ళి కూర్చోబెట్టింది.

గాంగ్‌నుంగ్ ఐస్ అరీనాలో 12,000 మంది పడతారు. మొదటి రోజు మాకు పై వరుసలు, మూడో రోజు కింది వరుసలు దొరకడం వల్ల రెండింటినీ పోల్చే వీలు కలిగింది. పైనుంచి చూస్తే స్కేటర్ మంచు మీద గీసే దారి మొత్తం, రింకునంతటినీ ఎలా వాడుకుంటున్నారన్నది ముగ్గులా స్పష్టంగా కనబడుతుంది. కింద కూర్చుంటే ఆకారం కొంత పోతుంది గాని, వేగం తెలుస్తుంది, బ్లేడు మంచును కోసే చప్పుడు వినబడుతుంది, దూకి దిగినప్పుడు లేచే మంచుపొడి కంటపడుతుంది. టెలివిజన్‌లో ఈ రెండూ దొరకవు. ఒక్కసారే వెళ్ళగలిగినవారు, ధర మరీ భారం కాకపోతే, కింది సీటునే ఎంచుకోమంటాను.

జంటల పోటీ నాడు మా ఎదుటి వైపు వరుసల్లో ఎర్రటి దుస్తుల్లో ఉత్తర కొరియా ప్రోత్సాహక బృందం కూర్చుంది. వారి చప్పట్లు, ఊపే చేతులు, పాటలు అన్నీ ఒకే శరీరం చేస్తున్నట్లు ఉండేవి. మొదట అందరి కెమెరాలూ వారివైపే తిరిగాయి. అయితే ఉత్తర కొరియా జంట రియోమ్ తే ఓక్, కిమ్ జు సిక్ మంచు మీదికి వచ్చినప్పుడు నన్ను కదిలించింది ఆ బృందం కంటే మా చుట్టూ ఉన్న దక్షిణ కొరియా కుటుంబాలే. సొంత దేశపు జంట ఫ్రీ స్కేటింగ్‌కు అర్హత సాధించలేకపోయింది. ఆ లోటంతా తీర్చుకుంటున్నట్లుగా వారు ఉత్తరాది జంటకు ఆమెను అతడు పైకెత్తిన ప్రతిసారీ, ప్రతి దూకుకూ కేకలు వేశారు. మా వెనక కూర్చున్న ఒక వృద్ధుడు చప్పట్లు కొట్టకుండా, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, కన్నీళ్ళు తుడుచుకోకుండా చూశాడు. ఆయన కథ ఏమిటో అడగలేదు, అడగడం తగదనిపించింది. 193.63 పాయింట్లతో ఆ జంట 13వ స్థానంలో నిలిచినా, ఆ అంకెను ఎవరూ పట్టించుకోలేదు.

ఆనాటి అసలు ఘట్టం చివరి నాలుగు జంటలతో మొదలైంది. జర్మనీ తరఫున ఆడిన ఆల్యోనా సావ్‌చెంకోకు అది ఐదో ఒలింపిక్స్. వయసు 34. అంతకుముందు రెండు కాంస్యాలు ఉన్నాయి గాని స్వర్ణం లేదు. షార్ట్ ప్రోగ్రాంలో భాగస్వామి బ్రూనో మసో మూడు చుట్లు తిరగవలసిన దూకులో రెండే తిరగడం వల్ల వారు నాలుగో స్థానంలో పడిపోయారు. ఫ్రీ స్కేటింగ్‌లో మసో ఆమెను గాలిలోకి విసిరిన మొదటి దూకు ఎంత ఎత్తుకు, ఎంత దూరానికి వెళ్ళిందంటే, హాలంతా ఊపిరి పీల్చుకున్న చప్పుడు నాకు వినబడింది. చివరికి 159.31 పాయింట్ల ప్రపంచ రికార్డు. తరవాత మూడు జంటలు ఆడేదాకా వారు ఎదురుచూశారు. చైనా జంట సుయి వెన్‌జింగ్, హాన్ త్సోంగ్ స్కోరు వచ్చినప్పుడు స్వర్ణం జర్మన్ జంటదేనని, మొత్తం పాయింట్లలో తేడా 0.43 మాత్రమే అని తెలిసింది. పక్క వరుసలోని చైనా అభిమానులు ఒక్క క్షణం జెండాలు దించేసి, మరుక్షణం లేచి నిలబడి జర్మన్ జంటకు చప్పట్లు కొట్టారు. అంత స్వల్పమైన ఓటమిలో అంత త్వరగా తేరుకున్న ఆ పెద్దమనసుకు నేను లోపల నమస్కరించాను.

మరునాడు 16న కొరియన్ల నూతన సంవత్సరం, సొల్లాల్. మేము దీనిని ముందుగా లెక్కవేసుకోలేదు. ఊళ్ళో చాలా హోటళ్ళు మూతపడ్డాయి, తెరిచినవాటి ముందు బారులు తీరారు. షార్ట్ ప్రోగ్రాం జరుగుతున్న సమయంలో మేము చోదాంగ్ ప్రాంతంలో మెత్తని టోఫు కోసం వరుసలో నిలబడి ఉన్నాము. అక్కడ టోఫును సముద్రపు నీటితో విరిచి చేస్తారు. శాకాహారులైతే తెల్లగా, ఏ మసాలా లేకుండా వడ్డించేదానిని అడిగి తీసుకోవాలి. ఎర్రటి పులుసులో వచ్చేదానిలో సముద్రపు గుల్లలైనా, చేపల రసమైనా సాధారణంగా ఉంటుంది. హోటల్లోని టీవీలో గత ఒలింపిక్స్ స్వర్ణ విజేత, జపాన్ ఆటగాడు యుజురు హన్యు ఆడుతుండగా వంటగదిలోని ఆడవాళ్ళు కూడా గరిటెలతోనే బయటికి వచ్చి నిలబడ్డారు. 111.68 అని స్కోరు రాగానే, తమ దేశస్థుడు కాకపోయినా, అందరూ చప్పట్లు కొట్టారు. సాయంత్రం అన్‌మోక్ తీరంలోని కాఫీ వీధిలో గడిపాము.

17వ తేదీ ఉదయం మా కుడివైపు సీటులో జపాన్ నుంచి వచ్చిన, అరవై దాటిన ఒకావిడ కూర్చున్నారు. ఒడిలో మడిచిన తువాలు, దాని మీద పసుపుపచ్చని విన్నీ ద పూ అనే ఎలుగుబంటి బొమ్మ. అది హన్యుకు ఇష్టమని, అతడి ఆట ముగియగానే అభిమానులు అలాంటి బొమ్మలు మంచు మీదికి విసిరేవారు. మా అమ్మాయితో కొద్దిపాటి ఇంగ్లీషులో, ఎక్కువగా సైగలతో మాట్లాడారు. హన్యు నవంబరులో సాధనలో పడి కుడి చీలమండ స్నాయువు దెబ్బతిన్నప్పటి నుంచి తాను ఎలా గడిపారో చెప్పడానికి ఆవిడ తన చీలమండను పట్టుకుని చూపించి, తరవాత గుండె మీద చేయి పెట్టుకున్నారు.

తొలి బృందాలు ఆడుతున్నప్పుడు హాలులో ఖాళీ సీట్లు చాలా ఉన్నాయి. ఆలస్యంగా వచ్చినవారు పోగొట్టుకున్నది తక్కువేమీ కాదు. షార్ట్ ప్రోగ్రాంలో తప్పులు చేసి 17వ స్థానానికి పడిపోయిన అమెరికా యువకుడు నేథన్ చెన్ ముందుగానే వచ్చి, గాలిలో నాలుగు చుట్లు తిరిగే దూకులు ఆరు ప్రయత్నించి, 215.08 పాయింట్లు సాధించాడు. ఆ రోజు ఫ్రీ స్కేటింగ్‌లో అదే అత్యధికం. నా పక్కనున్న ఆవిడ అతడి కోసం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చివరికి అతడు ఐదో స్థానంలోనే ఆగిపోవడం ఈనాటికీ నాకు బాధగా ఉంటుంది.

హన్యు మంచు మీదికి వచ్చినప్పుడు జపాన్ జెండాలు ఒక్కసారిగా లేచి, అతడు మధ్యలో నిలబడగానే ఒక్కసారిగా దిగాయి. అంత నిశ్శబ్దం నేను వేలమంది ఉన్న చోట ఎన్నడూ ఎరగను. సంగీతం మొదలయ్యేదాకా పక్కావిడ రెండు చేతులూ జోడించి, వేళ్ళ చివరలు పెదవులకు ఆనించుకుని ఉన్నారు. మొదటి రెండు దూకులకూ ఆవిడ కళ్ళు మూసుకున్నారని, చప్పట్లు వినిపించాక తెరిచారని మా అమ్మాయి తరవాత చెప్పింది. చివరలో ఒక దూకు నుంచి దిగుతూ అతడు తూలినప్పుడు ఆ వైపంతా ఒక్కసారి మూలిగినట్లయింది. పడలేదు. ఆట ముగియగానే అతడు వంగి తన చీలమండను రెండు చేతులతో తాకాడు. అప్పుడు ఆవిడ ఏడ్చారు, మా అమ్మాయి ఆవిడ చేయి పట్టుకుంది.

ఆ వెంటనే పూ బొమ్మల వాన మొదలైంది. నాలుగు వైపుల నుంచి పసుపుపచ్చని బొమ్మలు గాలిలోకి లేచి మంచు మీద పడుతూనే ఉన్నాయి, చిన్నపిల్లలు స్కేట్లతో తిరుగుతూ సంచులకొద్దీ ఏరుతూనే ఉన్నారు. తరవాత ఆడవలసిన స్పెయిన్ ఆటగాడు హవియర్ ఫెర్నాండెజ్ ఆ గందరగోళం మధ్యలోనే ఓపికగా ఒళ్ళు వేడెక్కించుకున్నాడు. అతడు ఆడేటప్పుడు జపాన్ అభిమానులు అంతే శ్రద్ధగా చూశారు. చివరగా వచ్చిన షోమా ఉనో మొదటి దూకులోనే పడిపోయాడు. నిరాశతో ఒక నిట్టూర్పు వినిపించింది గాని, వెంటనే చప్పట్లు అతడిని ఎత్తుకున్నాయి. హన్యుకు 317.85తో స్వర్ణం, ఉనోకు రజతం, ఫెర్నాండెజ్‌కు కాంస్యం. 1952లో అమెరికా ఆటగాడు డిక్ బటన్ తరవాత పురుషుల విభాగంలో ఒలింపిక్ స్వర్ణం వరసగా రెండుసార్లు గెలిచినవాడు అప్పటిదాకా లేడు. 66 ఏళ్ళ తరవాత అది జరిగినప్పుడు మేము అక్కడ ఉన్నాము.

అదే రింకులో సాయంత్రం షార్ట్ ట్రాక్ అనే వేగపు స్కేటింగ్ పందాలు ఉండటంతో హాలును త్వరగా ఖాళీ చేయించారు. ఫిగర్ స్కేటింగ్‌కు మంచు కొంచెం మెత్తగా, షార్ట్ ట్రాక్‌కు గట్టిగా ఉండాలి కాబట్టి నిర్వాహకులకు ఆ మధ్యాహ్నపు కొద్ది గంటలే గడువు. వెళ్ళేముందు జపాన్ అభిమానులు తమ సీట్ల కింది కాగితాలు, సీసాలు ఏరి సంచుల్లో వేసుకున్నారు. వారిని చూసి మా వరుసలో అందరూ అదే పని చేశారు. పక్కావిడ బొమ్మ ఇంకా ఒడిలోనే ఉంది. కింది వరుసలోనే ఉన్నా ఏడుపులో విసరడం మరిచిపోయారట. దానిని మా అమ్మాయి చేతిలో పెట్టి, తల వంచి నమస్కరించి వెళ్ళిపోయారు.

పండగ తిరుగు ప్రయాణాల రద్దీ వల్ల ఆ సాయంత్రం రైలులో మా ముగ్గురికీ పక్కపక్క సీట్లు దొరకలేదు, రాత్రి తొమ్మిది దాటాక బయలుదేరే రైలు దాకా స్టేషనులో ఆగవలసి వచ్చింది. సొల్లాల్ రోజుల్లో ప్రయాణించేవారు తిరుగు టికెట్ కూడా ముందే తీసుకోవాలి. వేచివుండే గదిలో కుర్చీలు తక్కువ కావడంతో అభిమానులు నేల మీదనే బ్యానర్లు మడతపెట్టుకుంటూ కూర్చున్నారు. చైనా ఆటగాడు జిన్ బోయాంగ్ నాలుగో స్థానంలో నిలిచిపోయినందుకు దిగులుపడుతున్న ఇద్దరు అమ్మాయిలకు ఒక జపాన్ ఆవిడ తన దగ్గరున్న వేడి టీ పోసి ఇచ్చారు. మా అమ్మాయి బొమ్మను ఒడిలో పెట్టుకుని, చీలమండ దగ్గర కుట్టు ఊడిందని వాళ్ళమ్మకు చూపిస్తూ, ఇంటికి వెళ్ళగానే కుట్టమని అడిగింది.